నాలుగేసి బెజ్జాలు

గుబ్బల నాగభూషణం టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్పై నాలుగేళ్లు తీగలు కలిపి రిటైరయ్యాడు. ఆ మరుసటి ఏడే భార్య పోయింది. అనసూయ పోయాక ఇంట్లో చోటు ఎక్కువైపోయింది. డబుల్ కాట్ మంచంలో సగం, అలమరలో మూడొంతులు, దండెం మొత్తం. ఆయనకు చోటంటేనే విసుగు పుట్టింది. చోటు పట్టని వస్తువు ఒకటి తయారు చేయాలనుకున్నాడు. నాలుగేళ్లు పట్టింది గానీ చేశాడు.

మైక్రోకంట్రోలర్ బోర్డు అని దాని అసలు పేరు. ఆయన బిళ్ల అనేవాడు. చిటికెన వేలి గోరంత వెడల్పు, రెండు కణుపుల పొడవు. నడుమ సెనగ బద్దంత చిప్పు, ఒక కొసన ఆవగింజంత దీపం, రెండు వైపులా పద్నాలుగేసి కాళ్లు. ఏం చేయాలో కంప్యూటర్లో రాసి దాంట్లోకి ఎక్కిస్తే అదే చేస్తుంది. నీళ్ల ట్యాంకు నిండితే గంట కొట్టమంటే కొడుతుంది. ఎందుకని అడగదు, రేపు చూద్దామనదు. నాగభూషణానికి తెలిసిన మనుషుల్లో అలాంటివాళ్లు తక్కువ.

ఇలాంటివి బజార్లో దొరకవా అంటే దొరుకుతాయి. అయితే వాటిని బ్రెడ్‌బోర్డు మీద గుచ్చినప్పుడు వాటి గుణం బయటపడుతుంది. బ్రెడ్‌బోర్డంటే ఒళ్లంతా బెజ్జాలున్న తెల్లటి ప్లాస్టిక్ దిమ్మ. సీసం కరిగించి మాటు వేసే పని లేకుండా తీగలు గుచ్చుకుని ప్రయోగాలు చేసుకోవచ్చు. నడుమ చిన్న కాలవ. కాలవకు అటు వరసకు ఐదు బెజ్జాలు, ఇటు ఐదు. బజారు బోర్డులు బస్సు సీట్లో కాళ్లు బార్లా చాపుకుని కూర్చునే రకం. ఒక బెజ్జంలో కాలు పెట్టి, మూడింటి మీద ఒళ్లు వాలుస్తాయి. తీగ గుచ్చుకోవడానికి ఒకటి మిగిలితే అదే గొప్ప. నాగభూషణం బిళ్ల కాలవ గట్టు మీద ఒదిగి కూర్చుంటుంది. అటు నాలుగు బెజ్జాలు ఖాళీ, ఇటు నాలుగు ఖాళీ.

నాలుగేళ్లు ఏం చేశావని ఎవరైనా అడిగితే ఆయన ఆ ఖాళీ చూపించేవాడు. అడిగినవాళ్లు ఇద్దరే. ఒకడు పాలు పోసే మనిషి. అతను మళ్లీ అడగలేదు. రెండోది బాలికల హైస్కూలు సైన్సు టీచరు రత్నకుమారి. ఆమె నలభై బిళ్లలు కావాలంది.

తొమ్మిదో తరగతిలో నలభై మంది ఆడపిల్లలు. వాళ్ల నాన్నలు చాలామంది రొయ్యల చెరువుల మీద కాపలాదార్లు. చెరువులో నీళ్లు చిలికే చక్రం ఆగిపోయి, ఆ సంగతి కాపలాదారు చూసుకోకపోతే రొయ్యలు గాలాడక చచ్చి పైకి తేలతాయి, అతని ఉద్యోగం పోతుంది. కిందటేడు ఆ క్లాసులోనే ముగ్గురు పిల్లల ఇళ్లలో అలా జరిగింది. చక్రం ఆగితే గంట కొట్టే పెట్టె చేయాలని పిల్లలు పట్టుబట్టారు. నాగభూషణం నలభై బిళ్లలూ చేసి ఇచ్చాడు. పిల్లలు నలభై బ్రెడ్‌బోర్డుల మీద గుచ్చారు. డిసెంబరు పదిన జిల్లా సైన్సు ప్రదర్శన. ఆ తర్వాత పెట్టెలు చెరువు గట్లకు వెళ్లాలని అనుకున్నారు.

ఆ ఏడాదే ప్రభుత్వానికి వివర వికాసం పట్టుకుంది.

వస్తువు గురించి పౌరుడికి తెలియని సంగతంటూ ఉండరాదన్నది ఆ పథకం. మొదట అరటిపళ్లకు చీటీలు అంటించారు. చీటీలు వలిస్తే తొక్క, తొక్క వలిస్తే పండు. తర్వాత చీపుళ్లు. తర్వాత ఎలక్ట్రానిక్ ఫలకాల వంతు వచ్చింది. ప్రతి ఫలకం మీద ఇరవై ఒక్క వివరాలు ఉండాలి. వయసు మళ్లిన పౌరులు కళ్లజోడు లేకుండా రెండు గజాల దూరం నుంచి చదువుకునేలా, అక్షరం ఎత్తు అరంగుళానికి తగ్గకూడదు.

నాగభూషణం బిళ్ల వెడల్పే అరంగుళం లేదు.

అక్టోబరు చివర్లో జిల్లా ఫలకాల ప్రమాణీకరణ కార్యాలయం నుంచి సూపరింటెండెంటు ఏకాంబరం జీపులో బడికి వచ్చాడు. నలభై బిళ్లలూ పీకించాడు. గోనెసంచిలో వేయించి, మూతి కుట్టించి, లక్క సీలు కొట్టాడు. బిళ్లల బరువు ఎనభై గ్రాములు. లక్క పావుకిలో.

“అవి పిల్లలవండీ,” అంది రత్నకుమారి. “ప్రదర్శన నెలన్నర కూడా లేదు.”

“పిల్లల భద్రత కోసమే కదమ్మా ఇదంతా. ఏదీ, దీని మీద ఏముందో చదవండి చూద్దాం.”

“ఏమీ లేదండి.”

“చూశారా! ఏమీ లేని వస్తువు తీసుకెళ్లి పసిపిల్లల చేతిలో పెట్టారు.”

సంచిని ఇద్దరు బంట్రోతులు చెరో పక్కా పట్టుకుని జీపెక్కించారు.

మర్నాడు నాగభూషణం దరఖాస్తు, ఒక నమూనా బిళ్ల పట్టుకుని ఆ ఆఫీసుకు వెళ్లాడు. ఏకాంబరం నెత్తి మీద ఫ్యాను ఆగిపోయి ఉంది. ఒక మెకానిక్ నిచ్చెనెక్కి దాని కెపాసిటరు మారుస్తున్నాడు.

నమూనా అన్నాక దాని మీద ఆఫీసు ముద్ర పడాలి. ముద్ర బిళ్లకు నాలుగింతలుంది. ఏకాంబరం ముద్ర ఎత్తి, కొట్టి, మళ్లీ ఎత్తాడు. బల్ల మీద బిళ్ల లేదు. ముగ్గురు గుమాస్తాలు బల్ల కింద దూరి పావుగంట వెతికారు. ఈలోగా కాలం వృథా చేయడం ఇష్టంలేని ఏకాంబరం మరో పదకొండు ఫైళ్ల మీద ముద్ర కొట్టాడు. అప్పుడు కనపడింది. బిళ్ల వెల్లకిలా ముద్ర రబ్బరుకే అతుక్కుని ఉంది. పదకొండు ఫైళ్లలోనూ ముద్ర నడుమ ఇరవై ఎనిమిది చిల్లులు పడ్డాయి. ఆ చిల్లులు ఏ ఉత్తర్వు ప్రకారం పడ్డాయో ఎవరూ చెప్పలేక ఆ ఫైళ్లు ఇప్పటికీ ఆగి ఉన్నాయి.

“ఏంటండీ బాబూ, ఇంత పీలగా చేశారు?” అన్నాడు ఏకాంబరం, బిళ్ల కాళ్లు గుచ్చుకున్న వేలు చీక్కుంటూ.

“పీలగా ఉండాలనే చేశానండి.”

“ఏం? ఎందుకనీ?”

“అటు నాలుగు బెజ్జాలు, ఇటు నాలుగు బెజ్జాలు ఖాళీగా ఉండాలండి.”

ఏకాంబరం ఫైల్లో రాసుకున్నాడు: ‘దరఖాస్తుదారు కారణమును తెలుపలేకపోయినారు.’

“వివరాలన్నీ కాగితం మీద అచ్చేయించి సంచిలో పెడతానండి,” అన్నాడు నాగభూషణం.

“కాగితం చిరిగిపోతేనో?”

“బిళ్ల పనిచేస్తూనే ఉంటుందండి.”

“అద్గదీ! అదే కదండీ ప్రమాదం. వివరం లేకుండా పనిచేసేస్తుంది.”

ఫ్యాను తిరిగింది. నాగభూషణం తలెత్తాడు. “ఇప్పుడు పెట్టారే, ఆ కెపాసిటరు. దాని మీద ఇరవై ఒక్క వివరాలున్నాయాండీ?”

“అది విడిభాగమండీ. ఫ్యాను మీద ఉంటే చాలు. విడిభాగాలు మా సెక్షన్ కాదు.”

నాగభూషణం ఆ మాట విన్నాడు గానీ పట్టించుకోలేదు. కోపంలో ఉన్నాడు. కోపంలో ఉన్న మనిషికి పనికొచ్చే మాట చెవిదాకా వచ్చి ఆగిపోతుంది.

ఏకాంబరం ఆయన్ని సంచాలకులవారి గదిలోకి పంపించాడు. సంచాలకులు చిట్టూరి త్రివిక్రమరావు. ఆయన ఇంట్లో మంచినీళ్లు అడిగినా ఫైలు భాషలోనే అడుగుతాడని చెప్పుకుంటారు.

“చూడండి, నాగభూషణం గారూ,” అన్నాడాయన కళ్లు మూసుకుని. “ప్రభుత్వమువారి దృష్టిలో ఏ వస్తువూ చిన్నది కాదు. చిన్నదిగా ఉండుట అనునది దాగియుండుటకు ప్రథమ సోపానము. తమరు సదరు ఫలకమును వివరములకు అనుగుణముగా విస్తరింపజేసి సమర్పించినచో సానుభూతితో పరిశీలించబడును.”

“విస్తరిస్తే బ్రెడ్‌బోర్డు మీద పట్టదండి.”

“అది బ్రెడ్‌బోర్డు లోపము. దానిని సంబంధిత శాఖ దృష్టికి తీసుకొనిపోవలెను.”

నాగభూషణం ఇంటికి వచ్చి టీ ట్రే అంత ప్లైవుడ్ ముక్క కోశాడు. నడుమ బిళ్ల బిగించాడు. చుట్టూ ఇరవై ఒక్క వివరాలూ పెయింటుతో రాశాడు. తయారీదారు పేరు, తండ్రి పేరు, రక్తం గ్రూపు, తయారైన వారం, ఫిర్యాదుల నంబరు, ఆ నంబరు పనిచేయకపోతే చేయవలసిన నంబరు, ‘ఈ ఫలకమును మింగరాదు’. ఆఫీసులో ఇచ్చి వచ్చాడు.

వారానికి జవాబు వచ్చింది. ఫలకం ఒక చదరపుటడుగు దాటినందున మధ్య తరహా కిందికి వచ్చును. మధ్య తరహాకు వివరములు ముప్పై ఎనిమిది.

ముప్పై ఎనిమిది వివరాలకు ట్రే చాలదు. తలుపంత చెక్క కావాలి. ఆయన మంచం దగ్గరికి వెళ్లాడు. అనసూయ పడుకునే వైపు చెక్క ఊడదీశాడు. కాసేపు దాన్ని చూశాడు. తర్వాత రంగు వేశాడు.

దానికీ జవాబు వచ్చింది, చెక్క కూడా తిరిగొచ్చింది. తలుపంత అయినందున భారీ తరహా. వివరములు యాభై ఏడు. అదనంగా, ఫలకమును ఇద్దరు మనుషులు ఎత్తవలెననియు, ఎత్తునప్పుడు నడుము వంచరాదనియు బొమ్మతో సహా సూచించవలెను.

రత్నకుమారి ఆ కాగితం పట్టుకుని గడప మీద కూలబడింది. “వదిలేయండి బాబాయిగారూ. పెద్దదయ్యేకొద్దీ రాయమంటారు, రాసేకొద్దీ పెద్దదవుతుంది. దీనికి అంతెక్కడండీ? పిల్లలకి నేనే ఏదో చెప్పుకుంటాను.”

నాగభూషణం చెక్క నడుమ ఉన్న బిళ్ల మరలు బిగిస్తున్నాడు. చేతిలో స్క్రూడ్రైవరు ఉన్నట్టుండి ఆగింది.

“అమ్మా, ఇంత చెక్క ఉంది కదా. ఇందులో ఈ బిళ్ల ఏమవుతుంది?”

“ఏమవుతుందండీ? మధ్యలో ఓ ముక్క.”

“ముక్క,” అన్నాడు ఆయన. ఆగిపోయిన ఫ్యాను, నిచ్చెన, కెపాసిటరు కళ్లముందు తిరిగాయి. ఆయన నవ్వాడు. ఐదేళ్లుగా ఆ ఇంట్లో నవ్వు లేదు. ఎదురింటివాళ్లు కిటికీ తెరిచి చూశారు.

“బాబాయిగారూ, ఒంట్లో బాగానే ఉందాండీ?”

“బ్రహ్మాండంగా ఉంది. ఇంకా పెంచాలమ్మా. వాళ్లు ఇంక చాలనేదాకా పెంచాలి.”

యాభై ఏడు వివరాలతో ఆయన ఈసారి చెక్క చేయలేదు, కొలతలతో నక్షా గీసి పంపాడు. పద్దెనిమిది అడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడవు. కార్యాలయంలో సంచలనం పుట్టింది. అంత ఫలకానికి తరహా లేదు. బృహత్ తరహా అని కొత్తగా సృష్టించారు. వివరాలు నూట నాలుగు. రెండు వందల చదరపుటడుగులు దాటింది కాబట్టి కట్టడం కింద లెక్క. చుట్టూ ఖాళీ జాగా వదలాలి, ఇంకుడు గుంత తవ్వాలి, అగ్ని ప్రమాదంలో బయటపడే దారి చూపించాలి. నాగభూషణం అన్నిటికీ సరేనన్నాడు. ఒప్పుకునే దరఖాస్తుదారుణ్ణి ఏకాంబరం ఉద్యోగంలో మొదటిసారి చూశాడు. అనుమానమేసింది.

“బ్రెడ్‌బోర్డు మీద నిలబడుతుందని మీరే దరఖాస్తులో రాశారండోయ్. నిలబెట్టి చూపించాల్సి ఉంటుంది.”

“అలాగే చూపిద్దామండి. బ్రెడ్‌బోర్డు మాత్రం దానికి తగ్గట్టే ఉండాలి.”

“పరీక్షకి వేదిక అమర్చడం మా శాఖ బాధ్యత. రూలుంది. మీరు కొలతలివ్వండి చాలు.”

నాగభూషణం కొలతలిచ్చాడు. బాలికల హైస్కూలు ఆటస్థలమే బ్రెడ్‌బోర్డు. నడుమ కాలవ. కాలవకు అటు పద్నాలుగు, ఇటు పద్నాలుగు సరుగుడు గుంజలు. అవి కాళ్లు. ప్రతి కాలుకూ పక్కన వరసగా మరో నాలుగు గుంతలు. మొత్తం నూట పన్నెండు.

కరెంటు స్తంభాలు పాతే మేస్త్రీ మనుషుల్ని వేసుకుని వచ్చాడు. గుంజలు పాతడం అయ్యాక తల గోక్కున్నాడు.

“ఈ మిగతా గుంతల్లో ఏం పాతాలండీ?”

“ఏమీ పాతకూడదు.”

“మరెందుకు తవ్వమన్నారండీ?”

“ఖాళీగా ఉండటానికి.”

మేస్త్రీ గడ్డపార భుజాన వేసుకున్నాడు. “సరేలెండి. మా ఊరి పంచాయతీవోళ్లు తవ్వించినయ్యీ ఇలాటియ్యేనండి.”

గుంజల మీద చెక్కలు పరిచారు. చెక్కల అడుగున నూట నాలుగు వివరాలు రాయించారు. తలెత్తి చదవాలి. సరిగ్గా నడుమ, యాభై రెండో వివరానికీ యాభై మూడో వివరానికీ మధ్య, గోరంత బిళ్ల. దాని కాళ్ల నుంచి ఇరవై ఎనిమిది తీగలు ఇరవై ఎనిమిది గుంజలకు దిగాయి.

ఈలోగా సంచాలకులవారికి ఉత్సాహం పుట్టింది. ఆసియా ఖండంలో ఇంత పెద్ద ఫలకం లేదని ఎవరో చెప్పారు. ఆయన దాన్ని ఖండించలేదు. డిసెంబరు ఏడున పరీక్షను ప్రారంభోత్సవంగా మార్చారు. బ్యాండు మేళం పిలిచారు. షామియానా అతను గుంజలన్నిటికీ సీరియల్ బల్బుల తోరణాలు చుట్టాడు. తొమ్మిదో తరగతి పిల్లల్ని స్వాగత గీతానికి నిలబెట్టారు. తమ బిళ్లల్ని పట్టుకుపోయిన ఆఫీసువాళ్లకు వాళ్లు మూడు చరణాలు పాడారు.

త్రివిక్రమరావు రిబ్బను కత్తిరించాడు. ఫోటోగ్రాఫరు, “సార్, ఒక్కడుగు వెనక్కి, మొత్తం పడాలి,” అన్నాడు. ఆయన ఒక అడుగు వేశాడు. “ఇంకొక్కటి సార్.” వేశాడు. తొడదాకా భూమిలోకి దిగిపోయాడు.

బ్యాండు ఆగింది.

“ఇది ఏమి?” అన్నాడు సంచాలకులు, నేల మట్టం నుంచి.

“ఖాళీ అండి,” అన్నాడు నాగభూషణం.

“ఎవరి ఖాళీ?”

“పదకొండో కాలుకు మూడో ఖాళీ అండి. తమరు నిలబడ్డ చోట నిజానికి తీగ గుచ్చాలి.”

“దీనిని కప్పి ఉంచవలసిన బాధ్యత ఎవరిది?”

“కప్పితే ఖాళీ అవదండి.”

ఏకాంబరం, మేస్త్రీ కలిసి ఆయన్ని పీకారు. మునుపు బిళ్లల్ని పీకినంత తేలిగ్గా రాలేదు. బురద కాలితోనే ఆయన మీట దగ్గరికి నడిచి నొక్కాడు. పద్దెనిమిది అడుగుల చెక్కల నడుమ, ఆవగింజంత దీపం వెలిగింది. ఆరింది. వెలిగింది. పిల్లలు తప్ప ఎవరూ చూడలేదు. అదే సమయానికి షామియానా అతను సీరియల్ బల్బుల ప్లగ్గు పెట్టాడు. గుంజలన్నీ ఎర్రగా, పచ్చగా పరిగెత్తాయి.

“అద్భుతము!” అన్నాడు సంచాలకులు తోరణాల వైపు చప్పట్లు కొడుతూ. “ఇంతటి శక్తిని ఇన్నాళ్లు చిన్నదిగా ఉంచినారు!”

ధ్రువపత్రం ఇచ్చారు. అచ్చులో ఎప్పుడూ ఉండే మాటే అందులోనూ ఉంది: ‘బృహత్ తరహా ఫలకము, సకల విడిభాగములతో సహా ఆమోదించడమైనది.’ నాగభూషణం దాన్ని రెండుసార్లు చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. రెండో జేబులోంచి ఇంకో కాగితం తీశాడు.

“ఇదేంటండీ?” అన్నాడు ఏకాంబరం.

“మనవి అండి. ఈ ఫలకానికి నలభై విడిభాగాలు మీ బీరువాలో ఉండిపోయాయి.”

“మా బీరువాలో విడిభాగాలేంటండీ?”

నాగభూషణం వేలు పైకి చూపించాడు. ఏకాంబరం కళ్లజోడు సవరించుకుని, తల వెనక్కి వాల్చి, యాభై రెండో వివరానికీ యాభై మూడో వివరానికీ మధ్య చాలాసేపు వెతికాడు. దొరికింది.

“అవేనా ఇవి?”

“అవేనండి.”

“ఓరి నాయనోయ్! ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదండీ! విడిభాగాలు అసలు మా సెక్షనే కాదు. నెలన్నర నుంచీ బీరువాలో ఓ అర వృథా. రేపు ఎవరైనా ఆడిటుకొస్తే నేనేం చెప్పుకోను?” అని ఆయనే కంగారుపడి జీపు పంపించాడు. లక్క పగలగొట్టడానికి సుత్తి కావాల్సి వచ్చింది. పిల్లలు నేల మీద గుండ్రంగా కూర్చుని లెక్కపెట్టుకున్నారు. నలభై.

ప్రదర్శనలో మొదటి బహుమతి ఒక ప్రైవేటు స్కూలువారి సబ్బునురగ అగ్నిపర్వతానికి వచ్చింది. పిల్లలు దాన్ని పట్టించుకోలేదు. పెట్టెలు చెరువు గట్లకు వెళ్లడానికి సిద్ధమవుతున్నాయి. ప్రభుత్వ ధ్రువపత్రం ఉన్న కట్టడాన్ని కూల్చడానికి అనుమతి లేదు కాబట్టి తొమ్మిదో తరగతి ఇప్పుడు దాని నీడలోనే కూర్చుంటుంది.

నెల మధ్యలో వాయుగుండం పట్టి మూడు రోజులు వాన కొట్టింది. నూట పన్నెండు గుంతలూ నిండాయి. ఐదో రోజు వేరే ఆఫీసు నుంచి వేరే నోటీసు వచ్చింది. సదరు ఆటస్థలంలో అనుమతి లేకుండా నూట పన్నెండు చెరువులు తవ్వి నీరు నిల్వ చేసినందుకు సంజాయిషీ ఇవ్వవలెను. ఏ చెరువులో ఏ రకం చేప పెంచుచున్నదీ, పట్టిక రూపంలో.

“ఏం రాద్దామండీ?” అంది రత్నకుమారి.

“ఖాళీ అని రాయండమ్మా. నూట పన్నెండుసార్లు.”

ఆమె నవ్వాపుకుని గీతలు గీయడం మొదలుపెట్టింది. అవతల ఎస్తేరు అనే పిల్ల ఒక బొమ్మ చక్రాన్ని వేలితో ఆపింది. పెట్టెలో గంట గణగణ మోగింది. ఆ పిల్ల తండ్రిదే కిందటేడు పోయిన ఉద్యోగాల్లో ఒకటి. ఇప్పుడు వేరే చెరువు మీద కుదిరాడు. ఎస్తేరు బ్రెడ్‌బోర్డు ఎత్తి పట్టుకుని వచ్చింది.

“తాతగారండీ, తీగలన్నీ గుచ్చేశానండి. ఇక్కడ ఇంకా ఒక బెజ్జం మిగిలిపోయిందండి. ఏం పెట్టమంటారు?”

నాగభూషణం ఆ బెజ్జం వంక చూశాడు.

“ఏమీ పెట్టకు. ఉండనీ,” అన్నాడు. “ఎవరొచ్చి అడిగినా ఇవ్వకు.”